ఫోన్ ఉండగా గైడు ఎందుకు?

యూరప్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళు ఊళ్ళు చూసే పద్ధతి ఇప్పుడు దాదాపు ఒకే తీరుకు వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి రైలో బస్సో ఎక్కడం, ఫోన్ మ్యాపులో ముందే గుర్తు పెట్టుకున్న చోట్లన్నీ శనివారం చుట్టెయ్యడం, ఆదివారం రాత్రికి ఇల్లు చేరి ఫొటోలు వాట్సాప్‌లో పెట్టడం. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇదే పద్ధతి ఇంకాస్త ఉరుకులు పరుగులతో సాగుతుంది, ఎందుకంటే వాళ్ళ వీసా గడువులోగా నాలుగైదు దేశాలైనా చూపించకపోతే మనకు తృప్తి ఉండదు. ఈ ప్రయాణాల్లో ఎక్కడైనా మన కుటుంబం కోసమే ఒక గైడును మాట్లాడుకుని కాలినడకన ఊరు చూద్దామని ఎవరైనా అంటే, వెంటనే వచ్చే జవాబు "అన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా, అన్ని యూరోలు ఎందుకు దండగ?" అని. సమాచారం కోసమే అయితే ఆ డబ్బు నిజంగానే దండగ. ఏ కట్టడం ఏ సంవత్సరంలో లేచిందో తెలుసుకోవడానికి మనిషిని వెంటబెట్టుకుని తిరగనక్కర్లేదు. కానీ చరిత్ర పొరలు పొరలుగా పేరుకుపోయిన ఒక పాత నగరంలో సొంత గైడును పెట్టుకుంటే మనకు దక్కేది, మాట మధ్యలో ఆపి ప్రశ్న అడిగే హక్కు, ఆ ప్రశ్నను బట్టి నడిచే దారినే మార్చుకునే వెసులుబాటు అని నా వాదన. అడగడానికి ఏమీ లేనివాళ్ళు ఆ డబ్బు మిగుల్చుకోవడమే మంచిదన్నది కూడా అదే వాదనలో భాగం.

చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరాన్ని పట్టుకుని ఈ సంగతి చెబుతాను. జర్మనీలో ఉండేవాళ్ళకు అది దగ్గరే. డ్రెస్డెన్‌లో రైలెక్కితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అందుకే వారాంతాల్లో ఆ ఊరి పాత వీధుల్లో మన మాటలు తరచుగా వినిపిస్తాయి. అక్కడ గైడుతో చూడటంలో ఎక్కువమందికి తెలిసిన మార్గాలు రెండు. ఒకటి, ప్యాకేజీ టూరువాళ్ళు బస్సు దింపి, చెవులకు హెడ్‌సెట్లు తగిలించి, ఎత్తిన గొడుగు వెనక నడిపించే గుంపు నడక. రెండోది, టికెట్టు లేకుండా చివర్లో ఇష్టమున్నంత ఇచ్చే "ఫ్రీ టూరు". ఈ రెండో దాంట్లో చాలా చురుకైన గైడులుంటారు, అందులో సందేహం లేదు. కానీ వాళ్ళ రాబడి చివర్లో వచ్చే టిప్పుల మీద ఆధారపడి ఉంటుంది. చాలాచోట్ల వచ్చిన తలకింత అని వాళ్ళే నిర్వాహకులకు ఎదురు చెల్లించాలి కూడా. అలాంటప్పుడు పాతికమందినీ ఒకేసారి నవ్వించే కథ, ఒకేసారి ఆశ్చర్యపరిచే కథ చెప్పక తప్పదు. గోల్కొండలో ఫతే దర్వాజా కింద గైడు చప్పట్లు కొట్టడం, అది పైన బాలా హిస్సార్‌లో వినిపించడం మనలో చాలామందికి చిన్నప్పటి స్కూలు విహారయాత్రల నుంచీ గుర్తే. అది చక్కటి ప్రదర్శన. అయితే ప్రదర్శన నడుస్తుండగా లేచి ప్రశ్నలు వేసేవాడు తక్కిన ప్రేక్షకులకు కంటగింపు అవుతాడు. ఆపైన గుంపు పెద్దదైన కొద్దీ ఊరికీ అది భారమే. వెనిస్ నగరం 2024లో పాతికమందికి మించిన టూరు గుంపులను, గైడుల మైకులను నిషేధించింది కూడా.

మా అమ్మ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైంది. మోకాళ్ళ నొప్పి ఉంది గానీ, వినే ఓపిక, అడిగే ఓపిక ఏమాత్రం తగ్గలేదు. అమ్మ జర్మనీ వచ్చినప్పుడు ప్రాగ్‌లో సగం రోజుకు ఒక గైడును మాట్లాడాను. నేను రాసిన మొదటి మెయిలుకు ఆవిడ ధర కన్నా ముందు ప్రశ్నలు పంపింది: మీ అమ్మగారు ఎంతసేపు నడవగలరు, మెట్లు దిగగలరా, ఆవిడకు దేనిమీద ఆసక్తి, ఇప్పటికే ఏం చదివారు? జవాబులు చూసి దారి మొత్తం తిరగేసింది. అందరూ పాత పట్టణపు కూడలిలో గడియారం దగ్గర మొదలుపెట్టి, వంతెన దాటి, ఆయాసపడుతూ కోటగుట్ట ఎక్కుతారు. మేము మాత్రం 22వ నంబరు ట్రామ్ పట్టుకుని కోటకన్నా ఎత్తున ఉన్న పొహోర్జెలెత్స్ దగ్గర దిగి, అక్కడినుంచి ఊరిలోకి మెల్లగా దిగుతూ రావాలని ఆవిడ నిర్ణయం. ఈ ఒక్క మార్పుకే ఇచ్చిన డబ్బులో సగం చెల్లిపోయిందని నా లెక్క. ప్రాగ్ కాలిబాటలు చిన్న చిన్న రాతిముక్కలు పరిచినవి. తెలుపు, బూడిద రంగు గళ్ళతో చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు వాటిమీద ఎత్తు ఎక్కడం మాటలు కాదు.

ట్రామ్ దిగి కొద్దిదూరం నడిస్తే లొరెటా వస్తుంది. 1626లో మొదలైన ఈ కాథలిక్ యాత్రాస్థలంలో, మేరీమాత ఇల్లని ఇటలీలో కొలిచే కట్టడానికి నకలు ఉంది. బంగారు పూత, దేవదూతలు, గంటల మోత. ఎదురుగా ఉన్న చెర్నిన్ ప్యాలెస్‌లో విదేశాంగ శాఖ కార్యాలయం. 1948 మార్చి 10న ఆ శాఖ మంత్రి యాన్ మసారిక్ కిటికీ కింద శవమై కనిపించింది అక్కడే. అమ్మ ఈ రెండింటినీ చూసి, కింద ఊరంతా పొడుచుకొచ్చిన చర్చి శిఖరాలను చూసి, "ఒరేయ్, ఇన్ని గుళ్ళున్నాయి కదా, ఆదివారం నాడు ఇవన్నీ నిండుతాయా? ఆవిణ్ణి అడుగు" అంది.

గైడు నవ్వి, నిండవని చెప్పింది. 2021 జనాభా లెక్కల్లో చెక్ దేశస్థుల్లో దాదాపు సగంమంది తమకు ఏ మతమూ లేదని రాయించారు. ఇంకా చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేశారు. యూరప్ మొత్తంలో దేవుడి ఊసు అతి తక్కువగా ఎత్తే దేశాల్లో ఇదొకటి. అక్కడితో ఆ ప్రశ్నకు జవాబు అయిపోయిందనుకోవచ్చు, గుంపులో అయితే నిజంగా అయిపోయేది. కానీ ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "మేడమ్ అడిగిన దానికి సమాధానం కిందికి దిగే దారిలో ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే మనం అనుకున్న చోట్లలో రెండు వదిలేసి, వేరే చోట ఒకటి కలుపుతాను" అంది. అక్కడినుంచి నడకంతా ఆ ఒక్క ప్రశ్న వెంటే సాగింది.

కోటలో మొదటి మజిలీ ఒక కిటికీ. పాత రాజభవనంలో బొహీమియా, అంటే అప్పటి చెక్ రాజ్యం, పాలన కార్యాలయంగా వాడిన గది అది, చూస్తే సాదాసీదాగా ఉంటుంది. 1618 మే 23న, పోప్ పెత్తనాన్ని ఒప్పుకోని ప్రొటెస్టెంట్ ప్రభువులు ఆ గదిలోకి వచ్చి, ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి తరఫున పాలిస్తున్న ఇద్దరు కాథలిక్ అధికారులనూ వాళ్ళ గుమస్తానూ అక్కడినుంచి కిందికి విసిరేశారు. సుమారు ఇరవై మీటర్ల ఎత్తు, ముగ్గురూ బతికారు. మేరీమాత పట్టుకుందని కాథలిక్కులు చెప్పుకున్నారు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. ముప్ఫైఏళ్ళ యుద్ధానికి అంకురం అక్కడే. రెండేళ్ళకు, 1620 నవంబరు 8న, ఊరి బయట తెల్లకొండ మీద రెండు గంటలైనా సాగని పోరులో ప్రొటెస్టెంట్ సైన్యం ఓడిపోయింది. ఆ తర్వాత ఈ దేశంలో కాథలిక్ మతం ఒక్కటే చెల్లుతుందన్నారు. మారడానికి ఇష్టపడని ప్రభువులు, పట్టణవాసులు వేల సంఖ్యలో దేశం విడిచి వెళ్ళారు. పక్కనే ఉన్న సెయింట్ వీటస్ కథీడ్రల్ 1344లో మొదలై 1929లో గాని పూర్తికాలేదన్నది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. గైడు చెప్పింది మరొకటి: కమ్యూనిస్టు పాలన పోయాక ఆ గుడి ప్రభుత్వానిదా చర్చిదా అని కోర్టుల్లో ఏళ్ళ తరబడి తగాదా నడిచి, 2010లో గాని ఒప్పందం కుదరలేదు. దేశానికంతటికీ పెద్ద గుడి విషయంలో ఇంత తగాదా పడ్డారంటే ఇక్కడి జనానికీ చర్చికీ మధ్య ఏదో తేలని లెక్క ఉందన్నమాట అని అమ్మ అంది. నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ తలూపింది.

చార్లెస్ వంతెన దగ్గర అందరూ చేసే పని ఒకటుంది. వంతెన మధ్యలో నెపోముక్ యాన్ అనే సాధువు కంచు విగ్రహం ఉంది, 1683 నాటిది, అక్కడి విగ్రహాల్లో అన్నింటికన్నా పాతది. దాని పీఠం మీద రెండు కంచు పలకలు. ఒకదానిలో సాధువును నదిలోకి తోసేస్తుంటారు, మరొకదానిలో ఒక సైనికుడు కుక్కను నిమురుతుంటాడు. తాకితే అదృష్టమని యాత్రికులు రెంటినీ రుద్దుతారు. మిగతా పలకంతా నల్లబడిపోయి, కింద పడుతున్న సాధువూ ఆ కుక్కా మాత్రం కొత్త ఇత్తడిలా మెరుస్తుంటారు. పాపం, ఆ కుక్కకూ అదృష్టానికీ ఏ సంబంధమూ లేదు. రాణి తన దగ్గర ఒప్పుకున్న పాపాలు రాజుకు చెప్పనన్నందుకు ఆ సాధువును చంపారన్నది కథ. 1393లో నాలుగో వాట్స్‌లావ్ రాజు మనుషులు ఆయన్ను నదిలో పడేశారన్నది చరిత్ర. అసలు కారణం ఒక మఠానికి అధిపతిని నియమించే విషయంలో రాజుకూ ఆర్చిబిషప్పుకూ వచ్చిన గొడవ. ఆయన్ను 1729లో అధికారికంగా సాధువుగా ప్రకటించారు. గైడు మమ్మల్ని గమనించమన్నది తేదీలు. వంతెనకు 1357లో పునాది వేశారు. విగ్రహాల వరుసలో ఎక్కువ భాగం మాత్రం 1683 తర్వాత మూడు దశాబ్దాల్లో లేచింది, అంటే తెల్లకొండ ఓటమి తర్వాత. అంతకు మునుపు మూడు శతాబ్దాలకు పైగా ఈ వరుస లేదు. ఓడిపోయిన ఊరి మధ్యనుంచి రోజూ నడిచి వెళ్ళేవాళ్ళందరికీ కొత్త మతం ఎవరిదో కళ్ళముందు కనబడేలా నిలబెట్టిన బారు అది. అది తెలిశాక ఆ ముప్ఫై విగ్రహాలు ఫొటోకు వెనక తెరలా కనిపించవు.

అదే వంతెన మీద శిలువ మీది క్రీస్తు చుట్టూ బంగారు హీబ్రూ అక్షరాలున్నాయి. "సైన్యములకధిపతియగు యెహోవా పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అని వాటి అర్థం. 1696లో ఒక యూదుడి మీద దైవదూషణ నేరం మోపి, జరిమానాగా అతని డబ్బుతోనే ఆ అక్షరాలు పెట్టించారు. యూదులు తమ దేవుణ్ణి స్తుతించే వాక్యాన్నే వాళ్ళను అవమానించడానికి వాడుకున్నారు. 2000లో కింద ఒక వివరణ ఫలకం అమర్చారు, ఇప్పుడు అది కూడా ఆ శిల్పంలో భాగమే. వేల మంది దాని ముందునుంచే పోతుంటారు; అక్షరాలు కనిపిస్తాయి, ఫలకం కనిపించదు.

వంతెన దిగాక ఆవిడ కలిపిన కొత్త చోటు వచ్చింది, బేత్లెహేము ప్రార్థనామందిరం. పాత పట్టణపు ఇళ్ళ మధ్య రెండు వాలు కప్పులతో ఉన్న ఈ కట్టడం దగ్గర టూరు గొడుగులు అంతగా ఆగవు. యాన్ హుస్ 1402 నుంచి పదేళ్ళపాటు ఇక్కడ లాటిన్‌లో కాకుండా జనం మాట్లాడే చెక్ భాషలో ప్రసంగించాడు. మూడువేలమంది పట్టే హాలు. చర్చి పెద్దల డబ్బు యావను ఎండగట్టినందుకు, ఆయనకు అభయమిచ్చి జర్మనీలోని కాన్‌స్టాన్స్‌కు పిలిపించి, 1415 జూలై 6న సజీవదహనం చేశారు. "మా పాఠంలో చర్చి మీద తిరగబడ్డవాడంటే లూథర్ ఉన్నాడు, 1517 అని పిల్లలచేత బట్టీ పట్టించాను. అంతకు వందేళ్ళ ముందే ఈయన ఉన్నాడని ఎవరూ చెప్పలేదే" అని అమ్మ కాస్త చిరాకుపడింది. ఇక్కడ గైడు చెప్పిన సంగతి ఈ నడక మొత్తంలో నాకు అన్నింటికన్నా విలువైనది. ఆ మందిరాన్ని 1786లో కూలగొట్టారు. తర్వాత ఆ స్థలంలో కట్టిన ఇళ్ళలో పాత గోడలు కొన్ని కలిసిపోయి మిగిలాయి. వాటి ఆధారంగా 1950ల తొలి సంవత్సరాల్లో దాన్ని తిరిగి కట్టించింది కమ్యూనిస్టు ప్రభుత్వం. దేవుణ్ణి నమ్మని ప్రభుత్వం, మఠాలు మూయించి పాదిరీలను జైల్లో వేస్తున్న ఆ రోజుల్లోనే, ఒక బోధకుడి మందిరాన్ని ప్రజాధనంతో నిలబెట్టింది, ఎందుకంటే వాళ్ళ లెక్కలో హుస్ ధనికుల మీద తిరగబడ్డ విప్లవకారుడు. నేను ఫోన్‌లో ముందే గుర్తు పెట్టుకున్న చోట్లలో ఇది లేదు. ఉన్నా, కోటగుట్ట మీద అమ్మ వేసిన ప్రశ్నకూ దీనికీ ముడి పడేది కాదు.

పాత పట్టణపు కూడలికి వచ్చేసరికి ఈ కథలో పాత్రలన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. టౌన్‌హాలు గోడ దగ్గర నేలమీద తెల్లరాళ్ళతో పొదిగిన 27 శిలువలు: 1621 జూన్ 21న అక్కడ మరణశిక్ష పడిన 27మంది తిరుగుబాటు నాయకులు. వాళ్ళలో యెసెనియస్ అనే వైద్యుడున్నాడు. 1600లో ప్రాగ్‌లో మొదటిసారి బహిరంగంగా శవాన్ని కోసి శరీరశాస్త్రం బోధించినవాడు. పన్నెండుమంది తలలను మేము దాటివచ్చిన వంతెన బురుజుకే పదేళ్ళపాటు వేలాడదీశారు. ఎదురుగా హుస్ స్మారకం, ఆయన చనిపోయిన అయిదువందల ఏళ్ళకు 1915లో నిలిపినది. దానికి కొద్ది అడుగుల దూరంలో మేరీమాత స్తంభం. 1648లో స్వీడన్ సైన్యం నుంచి ఊరు దక్కినందుకు కృతజ్ఞతగా 1650లో కట్టారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరో రోజున, 1918 నవంబరు 3న, అది హాబ్స్‌బర్గుల గుర్తని జనం తాళ్ళు కట్టి లాగి పడేశారు. మళ్ళీ నిలబెట్టాలా వద్దా అని నగరపాలక సభలో ఏళ్ళ తరబడి వాదించుకుని, చివరికి 2020లో నకలు నిలిపారు. నేలమీద ఒక ఇత్తడి గీత ఉంది. పాత స్తంభం నీడ మధ్యాహ్నం దానిమీద పడితే ప్రాగ్‌లో పన్నెండయిందని లెక్క. స్తంభం లేని నూరేళ్ళూ ఆ గీతకు పని లేకుండా పోయింది.

ఇంత చక్కగా అల్లిన కథ వింటే ఎవరికైనా అనుమానం రావాలి. అమ్మకు వచ్చింది. "తెల్లకొండ తర్వాత మూడొందల ఏళ్ళు వీళ్ళంతా కాథలిక్కులే కదా? బలవంతంగా మార్చారన్న కోపం అన్ని తరాలు నిలుస్తుందా?" అని అడిగింది. గైడు నడక ఆపేసింది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు వరకూ చెక్ ప్రజల్లో అత్యధికులు కాథలిక్కులేనని ఒప్పుకుంది. హుస్‌ను జాతి వీరుడిగా, తెల్లకొండను జాతి విషాదంగా మలిచి చెప్పింది పందొమ్మిదో శతాబ్దపు చరిత్రకారులూ జాతీయవాదులూ అని, 1621లో తలలు తెగినవాళ్ళలో ఒక కాథలిక్ కూడా ఉన్నాడని, చర్చిలు ఖాళీ కావడంలో 1948 నుంచి 1989 దాకా సాగిన కమ్యూనిస్టు పాలన పాత్ర పెద్దదని చెప్పింది. మరి పక్కనున్న పోలండ్‌లోనూ కమ్యూనిస్టులే పాలించారు, అక్కడ చర్చిలు ఖాళీ కాలేదేమని నేను అడ్డు తగిలాను. ఆ ప్రశ్నకు తేలికైన జవాబు లేదని ఆవిడ అంగీకరించింది. ఈ పదినిమిషాల వాదన కోసమే నేను డబ్బిచ్చానని అనుకుంటాను. ఏ రికార్డెడ్ గైడూ తను చెప్పిన కథను తనే సవరించుకోదు, గుంపు ముందు నిలబడ్డ గైడుకు ఆ తీరిక ఉండదు.

ఇప్పుడు ఫోన్‌ను అడిగినా ప్రశ్నకు సమాధానం చెబుతుంది కదా అని అనవచ్చు. చెబుతుంది, బాగానే చెబుతుంది. అయితే అడగాలన్న ఆలోచన అక్కడ నిలబడి ఎదుటి మనిషితో మాట్లాడుతున్నప్పుడు పుట్టినట్టుగా తెర చూస్తున్నప్పుడు పుట్టదని నా అనుభవం. పైగా ఫోన్ పట్టుకున్నవాడు ఒక్కడే వింటాడు. అమ్మ పక్కన నిలబడి, వాడెప్పుడు తల ఎత్తుతాడా అని చూస్తుంటుంది. అలసట వచ్చిందని ముఖం చూసి పసిగట్టి, వీధి చివర బల్ల ఉందని తీసుకెళ్ళి కూర్చోబెట్టడం కూడా గైడు పనిలో భాగమే. మాట అటునుంచి ఇటే కాకుండా ఇటునుంచి అటూ పోతుంది. అమ్మ కాళ్ళకున్న బాటా చెప్పులు చూసి గైడు ముఖం విప్పారింది. బాటా మన కంపెనీ కాదని, 1894లో వాళ్ళ జ్లీన్ పట్టణంలో పుట్టిందని తెలిసి అమ్మ నమ్మలేదు. తెనాలిలో బాటా షాపులో బడి తెరిచే ముందు పిల్లలందరికీ బూట్లు కొనడం గురించి అమ్మ చెబితే, కలకత్తా పక్కన బాటానగర్ ఉందని మాత్రమే తెలిసిన ఆవిడ ఆసక్తిగా వింది.

ఖర్చు సంగతి. సొంత గైడు ధర మనిషికింత అని కాక గుంపుకింత అని ఉంటుంది. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు అది నిజంగా ఎక్కువే. వాళ్ళకు చిన్న గుంపుల నడక చాలు. నలుగురైదుగురు కుటుంబంగా వెళ్తే, ప్యాకేజీ టూరు టికెట్లన్నీ కలిపిన దానికి మరీ దూరంగా ఉండదు. మనం ఇండియా నుంచి అమ్మానాన్నలను రప్పించడానికి విమానం టికెట్ల మీద, బీమా మీద, హోటళ్ళ మీద పెట్టే ఖర్చు పక్కన ఈ సగం రోజు ఖర్చు పెట్టి చూస్తే, దండగ అన్నమాట దేనికి వర్తిస్తుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

డబ్బుకన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. సొంత గైడు మన డబ్బు తీసుకున్న మనిషి, మనకు నచ్చేదే చెప్పాలన్న ఒత్తిడి ఆ మనిషి మీద ఉంటుంది. కొందరు కమీషను వచ్చే గాజు సామాన్ల దుకాణానికి, గార్నెట్ నగల దుకాణానికి దారి మళ్ళిస్తారు. మరికొందరు కథలను చరిత్రగా అమ్ముతారు. దీనికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. టౌన్‌హాలు గోడమీది ఖగోళ గడియారాన్ని హనుష్ అనే పనివాడు చేశాడని, అలాంటిది ఇంకెక్కడా చేయకూడదని నగరపెద్దలు అతని కళ్ళు పొడిపించారని ఒక కథ ఊరంతా తిరుగుతుంటుంది. నిజానికి ఆ గడియారం 1410 నాటిది, దాన్ని చేసినవాడు కదాన్‌కు చెందిన మికులాష్. ఆ కళ్ళ కథను గైడు ఎలా చెబుతారో వినండి. నిజమన్నట్టు చెబితే, తక్కిన మాటలను కూడా కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. మా గైడు ఆ కథను ఎత్తనే లేదు. గంట కొట్టినప్పుడు బొమ్మలు కదలడం చూడటానికి మెడలెత్తి నిలబడ్డ జనాన్ని దాటించి, టౌన్‌హాలు పక్కనున్న గడ్డినేల చూపించింది. కూడలి అంతా భవనాలు ఒత్తుగా ఉండగా అక్కడొక్కచోట ఏమీ లేదు. 1945 మేలో, యుద్ధం ముగిసే చివరి గంటల్లో, జర్మన్ సైన్యం టౌన్‌హాలు ఆ భాగాన్ని తగలబెట్టింది. తిరిగి కట్టడానికి ఎన్నోసార్లు పోటీలు పెట్టి నమూనాలు పిలిచారు, ఒక్కటీ కట్టలేదు. లేనిదాన్ని చూపించడం గైడు మాత్రమే చేయగల పని. దారిపొడవునా "పాతకాలపు చెక్ మిఠాయి" అని బోర్డు పెట్టి అమ్మే త్రిదెల్నిక్ చుట్టలు ఆ ఊరి పాత వంటకమే కావని, టూరిస్టుల రాకతో పాటు వచ్చినవని కూడా ఆవిడే చెప్పింది. చెప్పి, తినాలనుంటే తినండి, బాగుంటాయి అంది.

ఆవిడ కూడా పక్షపాతం లేని మనిషేమీ కాదు. జర్మన్లు వచ్చి ఏం చేశారన్నది వివరంగా చెప్పింది గానీ, 1945 తర్వాత చెకొస్లొవాకియా నుంచి వెళ్ళగొట్టిన దాదాపు ముప్ఫై లక్షల జర్మన్ల సంగతి నేను అడిగేదాకా రాలేదు. అడిగాక చెప్పింది, కానీ మాటలు వెతుక్కుంటూ. ఏ ఊరి గైడైనా ఆ ఊరి మనిషే, కొన్ని తలుపులు వాళ్ళంతట వాళ్ళు తెరవరు. అందుకే ముందు కొంత చదివి వెళ్ళడం అవసరం. ఫోన్ పనికొచ్చేది అక్కడ, నడకకు ముందు రాత్రి.

ఎక్కడ మాట ఆపాలో తెలియడం కూడా మంచి గైడు లక్షణమే. యూదుల పేట యోసెఫోవ్‌లో పింకాస్ సినగాగ్ అనే యూదుల ప్రార్థనామందిరం గోడల నిండా నాజీలు చంపిన బొహీమియా, మొరావియా అనే చెక్ ప్రాంతాల యూదుల పేర్లు చేత్తో రాసి ఉన్నాయి, దాదాపు 78 వేల పేర్లు. 1950లలో రాశారు, తర్వాత కమ్యూనిస్టుల కాలంలో సినగాగ్ మూతపడి పేర్లు పోయాయి, 1990లలో మళ్ళీ ఒక్కొక్కటే రాశారు. ఈ వివరమంతా గైడు వీధిలోనే చెప్పి, లోపలికి తను రానని, మీకు కావలసినంతసేపు ఉండి రమ్మని బయటే నిలబడింది. పక్కనున్న పాత శ్మశానంలో యూదుల మతగురువు రబ్బీ లోవ్ సమాధి దగ్గర మాత్రం చిన్న మాట అంది: ఆయన 1609లో చనిపోయాడు, మట్టితో గోలెమ్ అనే మనిషి బొమ్మను చేసి ప్రాణం పోశాడన్న కథ ఆయన పేరుకు అతుక్కున్నది ఎన్నో తరాల తర్వాత.

ఇంత చెప్పాక, ప్రతి ఊరికీ, ఊరంతటికీ గైడు కావాలని నేను అనను. మూడు నాలుగు గంటలకు మించి ఎంత మంచి గైడైనా బుర్రకెక్కడు. ఊళ్ళో దిగిన మరునాడు ఉదయం ఆ గంటలు గడిపేసి, మిగిలిన సమయమంతా సొంతంగా తిరగడం మేలు. ముందే మెయిలులో మన వయసులు, మోకాళ్ళు, తిండి వేళలు, రెండు మూడు ప్రశ్నలు రాసి పంపాలి. వాటికి ప్రశ్నలతో జవాబు రాకపోతే, ఉత్త ధరల పట్టిక మాత్రమే వస్తే, ఇంకొకరిని వెతుక్కోవాలి. వైషెహ్రాద్ కొండమీది తోటకు, నది ఒడ్డుకు గైడు అక్కర్లేదు. లెత్నా గుట్టకు కూడా అక్కర్లేదు. 1955లో అక్కడ ఎత్తిన స్టాలిన్ భారీ రాతివిగ్రహాన్ని 1962లో కమ్యూనిస్టులే పేల్చేశారు. ఆ అరుగు మీద 1991 నుంచి ఒక పెద్ద మెట్రోనోమ్, అంటే సంగీతంలో తాళం చూపే పరికరం లాంటిది, అటూ ఇటూ ఊగుతోంది, వేసవిలో కుర్రాళ్ళు దాని కింద స్కేట్‌బోర్డులు తొక్కుకుంటారు, పక్కన బీరు తోట ఉంది, ఊరి వంతెనలన్నీ అక్కడినుంచి వరసగా కనిపిస్తాయి.